తొమ్మిది తలల ఒట్టు

జనవరిలో సున్‌దొక్, తనతో పాటు సముద్రంలో మునిగే జట్టులోని ఎనిమిది మంది ఆడవాళ్ల చేత ఒట్టు వేయించింది, తనూ వేసింది. జూన్ దాకా ఎవరూ జుట్టుకి రంగు వేయకూడదు, ఉంగరాలు తిప్పించుకోకూడదు. అసలు పార్లర్ ఉన్న వీధిలోకే పోకూడదు.

వినడానికి ఎంత చిన్న సంగతి! హక్‌పో రేవులో అరవై దాటిన ఆడదాని తల ఉంగరాలు లేకుండా కనిపిస్తే మంచాన పడిందేమోనని గంజి పట్టుకుని పలకరించడానికి వస్తారు. అలాంటి ఊళ్లో ఆరు నెలలు!

అడిగింది హాయున్, విశ్వవిద్యాలయం నుంచి వచ్చిన పరిశోధకురాలు. మనిషి తిన్న చేపల్లోని పాదరసం జుట్టులో చేరుతుందట. పార్లర్ మందులు పడితే అందులో కొంత కడుక్కుపోయి, వచ్చే అంకె తప్పవుతుందట. ఆ అంకెలు సున్‌దొక్‌కి కావాలి. రెండేళ్లుగా కొండమీది ఫ్యాక్టరీ గొట్టం సముద్రంలోకి ఏదో వదులుతోంది. ఆమె వేళ్ల కొసలు మొద్దుబారుతున్నాయి. యాభై ఏళ్లుగా ఊపిరి బిగబట్టి సముద్రం అడుగుకి మునిగి, తడిమి గవ్వలు తీసిన చేతులకి ఇప్పుడు గవ్వేదో రాయేదో తెలియడం లేదు. కౌంటీ ఆఫీసుకి వెళ్లి మొరపెట్టుకుంటే, "వయసు మామ్మగారూ, వయసు!" అన్నారు. వయసట, వాళ్ల మొహం! ఆ గొట్టం మూయించాలి. సెప్టెంబర్ విచారణలో పెట్టడానికి రుజువు కావాలి.

ఐదు నెలలు బాగానే గడిచాయి. జూన్‌లో హాయున్ రావడానికి వారం ముందు పట్నం నుంచి స్వచ్ఛంద సేవకులు ఫోన్ చేశారు. శుక్రవారం వచ్చి పెద్దవాళ్లందరికీ చావు ఫోటోలు ఉచితంగా తీస్తామన్నారు.

అక్కడ ఇందులో ఏడవాల్సిందేమీ లేదు. ఓపిక ఉండగానే మంచి బట్ట కట్టుకుని ఫోటో దిగి, పటం కట్టించి బీరువాలో పెట్టుకుంటారు. పోయాక దాన్ని పూల మధ్య నిలబెడితే వచ్చినవాళ్లంతా దానికే వంగి దణ్ణం పెడతారు.

"మూడు రోజులు ఊరంతా వచ్చి నా మొహం చూస్తారే! తడిసిన కోడిలా కనపడమంటావా?" అంది పిల్‌యే. జట్టులో అందరికంటే పెద్దది, ఎనభై రెండేళ్లది.

"ఒట్టు వేశావక్కా."

"వేసింది బతికున్న తలమీద. ఇది చచ్చాక చూసే తల."

"చాల్లే సంబడం! ఒక్కరు కదిలినా ఊరుకోను," అని సున్‌దొక్ గట్టిగా చెప్పింది.

చెప్పింది గానీ, ఇంటికెళ్లి అద్దం చూసుకుంటే ప్రాణం ఉసూరుమంది. ఎనిమిది మంది జుట్టు ఉంది కదా, నా ఒక్కదానిది లేకపోతే కొంప మునుగుతుందా, అనుకుంది. గురువారం పొద్దున్నే మొదటి బస్సెక్కి, ఎవరికీ తెలియకుండా పక్క ఊరి పార్లర్‌కి వెళ్లింది. తలుపు తోసింది.

అద్దంలోంచి ఎనిమిది జతల కళ్లు ఆమెను చూశాయి. వరసగా కూర్చున్నారు మహాతల్లులు, తలల నిండా గులాబీ రంగు చుట్టలతో.

"దొంగముండల్లారా! మిమ్మల్ని పట్టుకుందామనే వచ్చాను!"

"పట్టుకోవడానికి వచ్చినదానివి చేతిలో ఆ పాత ఫోటో ఎందుకే? ఇలాంటి ఉంగరాలే కావాలని చూపించడానికేగా?" అంది పిల్‌యే.

సున్‌దొక్ వెళ్లి తొమ్మిదో కుర్చీలో కూర్చుంది.

ఫోటోలు మాత్రం దివ్యంగా వచ్చాయి. సోమవారం కత్తెరా కవర్లూ పట్టుకుని హాయున్ దిగింది. రేవులో తొమ్మిది కాలీఫ్లవర్లు ఆమెకు ఎదురొచ్చాయి. ఆ పిల్ల తిట్టలేదు. మెట్టుమీద కూలబడి ఏడ్చేసింది. సున్‌దొక్‌కి సిగ్గుతో తల కొట్టేసినట్టయింది. పదిమందికి చెప్పాల్సిన పెద్దదాన్ని, నేనే ఇలా చేశానే!

"అమ్మాయ్, ఎంత జుట్టు కావాలి నీకు?"

"మొదలు నుంచి రెండు సెంటీమీటర్లు, మామ్మగారూ. మందు పడనిది. అంత పెరగడానికి రెండు నెలలు పడుతుంది. కానీ ఈ ఉంగరాల్లోంచి దాన్ని విడదీయడం నా వల్ల కాదు."

"విడదీయడమెందుకు? ఇది మొత్తం గొరిగేస్తే ఇక పెరిగేదంతా శుభ్రమైనదేగా!"

పిల్‌యే ముందుకొచ్చి మెట్టుమీద కూర్చుంది. "కానివ్వండి. ఫోటో దిగేశాం. ఇంక ఈ జుట్టుతో నాకేం పని?"

మల్‌సుక్ ఇంటికెళ్లి కుక్కకి బొచ్చు తీసే మిషన్ తెచ్చింది. జట్టులో ఆమే చిన్నది, యాభై ఎనిమిదేళ్లది. నాలుగో తల నున్నగా అయ్యేసరికి నాచు లారీ డ్రైవర్ ఆగి, ఫోన్‌లో వీడియో తీసి అందరికీ పంపాడు. అంతే, కౌంటీ ఆఫీసు గగ్గోలెత్తింది. ఆ దేశంలో సర్కారు మీద కడుపు మండినవాళ్లు నలుగురి ముందూ కూర్చుని గుండు కొట్టించుకుంటారు. మర్నాడు పేపర్లో ఫోటో వస్తుంది. ఆ పైన ఎవరో ఒక అధికారి కుర్చీ కదులుతుంది.

గంటలో నమ్‌గుంగ్ అనే అధికారి కారు దిగి రొప్పుతూ వచ్చాడు. వయసు వయసు అన్న పెద్దమనిషి ఇతనే.

"మామ్మగారూ, ఆపండి! మీ డిమాండ్లేమిటో చెప్పండి, కూర్చుని మాట్లాడుకుందాం!"

"అయ్యో, సార్, ఇది నిరసన కా..." అనబోయింది హాయున్. సున్‌దొక్ ఆమె కాలు తొక్కింది.

"డిమాండ్లు లేవు బాబూ, ఒక్కటే. గొట్టం మూయించు."

"విచారణ అయ్యేదాకా..."

"ఇంకా మూడు తలలున్నాయి. నింపాదిగా ఆలోచించుకో," అంది పిల్‌యే, నున్నటి గుండు నిమురుకుంటూ.

నమ్‌గుంగ్ ఆలోచించుకోలేదు. విచారణ ముగిసేదాకా గొట్టం మూసి ఉంచాలని అక్కడికక్కడే రాసి సంతకం పెట్టి, ఫ్యాక్టరీకి ఫోన్ చేస్తానని కారెక్కాడు.

కారు పోయాక హాయున్ మొహం వాడిపోయింది. "మామ్మగారూ, కొంప మునిగింది. గొట్టం మూశాక పెరిగే జుట్టులో పాదరసం తగ్గిపోతుంది. నేను దేన్ని రుజువు చెయ్యను?"

సున్‌దొక్ ఆమెను ఎగాదిగా చూసింది.

"గొట్టం తెరిచి ఉన్నన్నాళ్లూ నా ఒంట్లో చేరింది. మూశాక నెలనెలా తగ్గుతూ వచ్చిందనుకో, తప్పు ఎవరిది? నా వయసుదా? నా వయసు వెనక్కి నడుస్తుందా?"

హాయున్ సంచీలోంచి కవర్లన్నీ లాగింది. మందు తగలని కుచ్చు చెవి వెనక ఏ తలకైనా మిగిలిందేమోనని వెతికింది. ఇంకా గొరగని ఆ మూడు తలలకే మిగిలింది, అంగుళమంతే. వాటిని ప్రాణంలా కత్తిరించి దాచుకుంది. ఆ తర్వాత ఆ మూడు తలలూ మిషన్ కిందికి వెళ్లాయి.

"గొట్టం ఎన్ని గంటలకి మూస్తారో కూడా నాకు కావాలి మామ్మగారూ. ఎవరో చెప్పింది కాదు, కళ్లతో చూడాలి."

"పద, చూద్దాం."

తొమ్మిది గుండ్లు ఎండలో మెరుస్తూ కొండెక్కాయి. ఫ్యాక్టరీ గేటు దగ్గర కాపలావాడు వాళ్లను చూశాడు. ఆఫీసు నుంచి ఫోన్ ఇంకా రాలేదు. అయినా వాడు ఎవర్నీ ఏమీ అడక్కుండా లోపలికి పరుగెత్తాడు. నాలుగూ పది అయ్యేసరికి గొట్టంలో నీళ్లు ఆగిపోయాయి. హాయున్ గడియారం రెండుసార్లు చూసి ఆ టైము రాసుకుంది.