కిటికీ అద్దం మీది గ్రాఫు

నేను ఒక ఏ4 కాగితాన్ని. ఐదువందల మంది తోబుట్టువులతో ఒకే కట్టలో తెనాలి చేరాను. వాళ్లలో చాలామంది ఆధార్ కార్డుల జెరాక్సులుగా బతుకు వెళ్లదీశారు. నా అదృష్టమో దురదృష్టమో, నేను కామాక్షమ్మ గారి ప్రింటరులో పడ్డాను.

ఆవిడ ముప్పైమూడేళ్లు లెక్కల టీచరు. రిటైరయ్యాక పట్టుబట్టి పైథాన్ అనే కంప్యూటరు భాష నేర్చుకున్నారు. ఒక పంపుసెట్ల కంపెనీ షేరు ఏడాదిగా రోజూ ఏ ధరకు ముగిసిందో చెప్పే ఫైలు దించుకుని, తొమ్మిది లైన్ల ప్రోగ్రాము రాశారు. అది ధరలను పైనుంచి కిందికి చదివి, నా మీద ఎడమనుంచి కుడికి నీలం గీత గీసింది. తేదీలను కలిపితే కంప్యూటరు ఎర్ర అక్షరాలతో కసురుతోందని వాటిని వదిలేశారు. గ్రాఫులో అడ్డగీత కింద పేరు రాయలేదని పిల్లలకు అర మార్కు కోసిన మనిషి ఈవిడే!

గీత కుడివైపుకు మేడమెట్లలా ఎక్కింది. నాకు ఒళ్లంతా గర్వం.

ఆవిడ తోడికోడలు హైమవతి బ్లౌజులకు ఎంబ్రాయిడరీ చేస్తుంది. కంప్యూటర్ మిషను కొందామని ఆరేళ్లుగా మూడు లక్షలు కూడబెట్టింది. నన్ను చూడగానే మనసు మారింది. డబ్బంతా ఆ షేరులో పెడతానంది. సోమవారం మధ్యాహ్నం షేర్ల బ్రోకరుకు చెక్కు ఇవ్వాలి.

సోమవారం పొద్దున్నే ఒక నెమలి డిజైను వెలుతురులో పెట్టి ఎత్తి గీసుకోవడానికి ఆమెకు కాగితం కావలసొచ్చింది. నా వెనకవైపు ఖాళీయే కదా అని, నా ముఖం అద్దానికి ఆనించి కిటికీకి పెట్టింది. ఎండలో నా గీత వెనక్కి కనబడింది.

"అక్కా, ఇటు చూడు. ఇటునుంచి ఇది దొర్లుకుంటూ దిగుతోందే!"

"తిరగేస్తే ఏదైనా అంతే హైమా. ముందువైపే అసలుది."

"మా పనిలో వెనక చూస్తేనే బండారం తెలుస్తుంది. సరేగానీ, ఇందులో ఇవాళ ఎక్కడుంది?"

"కుడి చివర."

"రాయలేదేం మరి?"

చూపిద్దామని కామాక్షమ్మ గారు ఫైలు తెరిచారు. మొట్టమొదటి వరుసలో మొన్న శుక్రవారం తేదీ. అట్టడుగున నిరుడు. ఆ ఫైలు కొత్త రోజును నెత్తిన పెట్టుకుని పాతవాటిని కిందికి తోసింది. అంటే నా ఎడమ చివరే ఇవాళ!

ఆవిడ మౌసుతో ఫైలును అట్టడుగునుంచి పైకి మళ్లీ చూసుకుంటూ వచ్చారు. హైమవతి చెక్కుబుక్కు ఉన్న సంచీని గుండెలకు అదుముకుంది. ఇక నా సంగతి చెప్పాలా? నా మీద ఒక్క చుక్క కూడా తప్పు కాదు. అన్నీ నిజమైన ధరలే. అయినా నేను నిలువెల్లా అబద్ధాన్ని! ఆ దెబ్బనుంచి నేనింకా తేరుకోలేదు.

మిషను వచ్చింది. ప్రోగ్రాములో తేదీల లైను చేరింది. నన్ను చింపేస్తారనుకున్నాను గానీ, గుర్తుండాలని ఆవిడ నన్ను అదే అద్దానికి టేపుతో అతికించారు, ముఖం వీధివైపు పెట్టి. ఇంట్లోవాళ్లకు పడిపోతున్న షేరు కనబడుతుంది. వీధిలోవాళ్లకు ఎక్కుతున్నది.

నిన్న ఎదురు వీధి గాజులషాపు వీరభద్రయ్య నా ముందు ఆగాడు.

"టీచరమ్మగారూ, ఈ షేరు పేరేంటండీ?"

కామాక్షమ్మ గారు ఉలిక్కిపడి తలుపు తీశారు. "అయ్యో, అటునుంచి కాదండీ! లోపలికొచ్చి చూడండి."

"ఇక్కణ్ణుంచే బాగుందిలెండి," అని ఆయన జేబులోంచి పెన్ను తీశాడు.