ఎటు పోయాయి ఆ నీళ్లు

పాప బరువు తగ్గింది. తల్లి కాటా ముల్లు వైపు వంగి మూడుసార్లు చూసింది. నిన్న పొద్దున పద్దెనిమిది కిలోల రెండొందలు. ఇవాళ పదిహేడున్నర.

సంతోషించాలో భయపడాలో తెలియలేదు. గొంతు నొప్పి తగ్గిన పది రోజులకి పాప మొహం ఉబ్బి కళ్లు గీతలైపోయాయి. ఒంటేలు డికాషన్ రంగుకి తిరిగింది. కిడ్నీలు వాచాయన్నారు. ఆసుపత్రిలో చేరిన రోజే నర్సు గీతలున్న ప్లాస్టిక్ జగ్గు చేతికిచ్చి, "తాగింది రాయి, పోసింది రాయి. రోజూ పొద్దున్నే ఇదే గౌనుతో బరువు చూడు. డాక్టరుగారు రక్తంలో చూసేది మనం జగ్గులో చూస్తామమ్మాయ్" అంది.

నిన్న సాయంత్రం, తాగింది నాలుగొందల మిల్లీలీటర్లు, పోసింది నూటయాభై అని ఆమె రాసిన కాగితం చూసి డాక్టరు పెదవి విరిచాడు. "ఒంటేలు ఇంతే ఉంటే రేపు డయాలిసిస్ సంగతి ఆలోచించాలి."

రక్తాన్ని కడిగే ఆ మిషను మాట రాత్రంతా ఆమెని నిద్రపోనివ్వలేదు. కానీ కాటా చూశాక ఓ అనుమానం తొలిచేస్తోంది. చదువు ఏడో తరగతితో ఆగింది గానీ తీసివేత మర్చిపోలేదు.

"సిస్టర్, తిట్టుకోకండి. బిందెలో నాలుగొందలు పోసి నూటయాభై తీస్తే బిందె తేలికవుతుందా?"

నర్సు చేతిలో పని ఆగిపోయింది. "ఏదీ, కాగితం ఇటివ్వు. వాంతులయ్యాయా? విరేచనాలు? జ్వరం, చెమటలు?"

"ఏమీ లేవు."

పాపని మళ్లీ కాటా ఎక్కించింది. అదే పదిహేడున్నర. "అయితే లెక్కకి రాని నీళ్లెటో పోతున్నాయి. దొంగ ఈ గదిలోనే ఉన్నాడు. పట్టుకో."

కాసేపటికి పాప జగ్గు పట్టుకుని బాత్రూంలోకి దూరి తలుపేసుకుంది. నేను పెద్దదాన్ని, నువ్వు రాకు అంటూ రెండు రోజులుగా ఇదే వరస. తల్లి తలుపుకి చెవి ఆనించింది. లోపల కమోడులో ధార చాలాసేపు పడింది. ఆ తర్వాత జగ్గులో చిన్న చప్పుడు.

తలుపు తోసింది. "ఏంటే ఇది?"

పాప మొహం చిన్నబుచ్చుకుంది. "నిండుగా పోస్తే ఒలుకుతుందిగా. మొన్న ఒలికితే తిట్టావుగా. ఒక్క చుక్క పోయినా సిస్టర్ ఊరుకోదన్నావుగా. కొంచెమైతే ఒలకదు!"

తల్లికి నవ్వూ ఏడుపూ ఒక్కసారే వచ్చాయి. ఈసారి జగ్గు తనే పట్టుకుంటానని పాపని బతిమాలి ఒప్పించింది. రెండు గంటల్లో వచ్చింది మొత్తం మూడొందల ఇరవై. రంగు కూడా పలచబడింది.

నర్సు జగ్గుని కిటికీ వెలుగులో తిప్పి చూసి, "తిట్టింది నువ్వే, దొంగని పట్టిందీ నువ్వే" అని కాగితం తనే డాక్టరు దగ్గరికి పట్టుకెళ్లింది. తిరిగొచ్చేసరికి మొహంలో వెలుగు. "రక్తం రిపోర్టు కూడా మెరుగ్గానే ఉందట. మిషను మాట ఇప్పటికి లేదు."

తల్లి పాపని గట్టిగా హత్తుకుంది. తర్వాత కలం తీసి ఆగింది. "నిన్నటి గడిలో ఏం రాయను సిస్టర్?"

"ఉన్నది రాయి."

"కొంత పోయింది, ఎంతో తెలియదు" అని కుదురుగా రాసింది. రాసి, జగ్గు అడుగున మిగిలిన రంగు చూపించింది.

"సిస్టర్, అసలు ఆ డికాషన్ రంగు ఎక్కణ్ణించి వస్తుంది?"

నర్సు స్టూలు లాక్కుని కూర్చుంది. "ఇంట్లో పిండి జల్లెడ ఉందిగా? కిడ్నీ కూడా అలాంటిదే. అక్కణ్ణించి మొదలెడదాం."