తొలకరి డ్యూటీ

ఫోన్ మోగేసరికి లావణ్య చేతులు రెండూ గ్రైండర్లో, మినప్పిండిలో ఉన్నాయి. ఆగలేక ముక్కుకొనతోనే మెసేజ్ తెరిచింది. ‘ప్రాజెక్టుకి ఎంపికయ్యారు. రేపు నాతవరంలో రిపోర్ట్ చేయండి.’ ముక్కు మీద పిండి, ఫోను మీద పిండి. వంటింట్లో ఎవరూ లేరని చూసుకుని ఒక్క గంతు వేసింది. కాళ్ళ పట్టీలు ఊరుకున్నాయా, ఘల్లుమని చెప్పేశాయి.

“ఏటమ్మా, అంత సంబరం?” అంటూ అత్త చిన్నమ్మలు గుమ్మంలోకి వచ్చింది.

ఏ చేలో ఏ పైరు తరవాత ఏ పైరు వేస్తున్నారో, ఖాళీగా వదిలేసిన మెట్టల్లోంచి తొలకరికి ఎంత మట్టి కొట్టుకుపోతోందో ఉపగ్రహం బొమ్మల్లో చూసి, ఆ బొమ్మ చెప్పింది నిజమో కాదో గట్ల వెంట నడిచి తేల్చుకునే పని అది. లావణ్య చదివిందీ అదే. వారం రోజులు అక్కడే ఉండాలి. నర్సీపట్నం దాటాక నాతవరం, దాని పక్కనే ఆమె పుట్టిల్లు. ప్రతి వానకీ వాగు ఎర్రగా పారడం చిన్నప్పటి నుంచీ చూసింది. ఆ మట్టి ఎవరి చేలోంచి పోతోందో ఇప్పుడు తనే చెప్పబోతోంది. మొన్న మాఘంలో పెళ్ళై వచ్చిన కొత్తలో మామ సన్యాసిరావుకి ఆయన చెరకుతోటనే అలా పైనుంచి చూపిస్తే, “ఓలమ్మో, తోటంతా ఎర్రగుంది! ఎర్రకుళ్ళు తెగులేటి?” అని గాభరా పడిపోయాడు. ఆ బొమ్మల్లో పచ్చటి పైరు ఎర్రగానే కనబడుతుందని చెబితే ఇల్లంతా నవ్వింది.

ఇవాళ ఈ సంగతి చెబితే ఎవరూ నవ్వలేదు. “పైనుంచి అన్నీ కనబడతంటే మళ్ళా కాళ్ళీడ్సుకుని తిరగడమేటి?” అంది అత్త. పరవాడ కంపెనీ బస్సు దిగి వచ్చిన దేవీప్రసాద్ ఖాళీ లంచ్ బాక్సు భార్య చేతిలో పెట్టి, “వారం రోజులా? అమ్మకి మోకాళ్ళ నొప్పులు కదా లావణ్యా. నా బాక్సెవరు కడతారు?” అన్నాడు. ముద్దుగానే అన్నాడు. అందుకే ఆమె ఆ బాక్సు కడిగి పెట్టి, కాఫీ పెట్టడానికి వెళ్ళింది. చుట్టాలొచ్చినా, గ్యాస్ బండ మార్చాలన్నా అతను “నాకు డ్యూటీ ఉంది” అంటే ఆ ఇంట్లో ఆపైన మాట ఉండదు. తను తెల్లారి లేచింది మొదలు చేసేవాటికి మాత్రం ఎవరూ ఆ పేరు పెట్టలేదు.

కాఫీ గ్లాసు అందిస్తుంటే అత్త అంది: “ఎల్లుండి నుంచీ ఆసాడం, పెళ్ళయ్యాక మొదటిది. అత్తాకోడళ్ళు ఒకే గడప దాటకూడదు. రేపు వచ్చి తీసికెల్లమని మీ నాన్నకి కబురెట్టేను. నెల్లాళ్ళు మీ అమ్మ దగ్గర సుకంగా ఉండు.”

దేవీప్రసాద్ తలూపి కాఫీ కోసం చెయ్యి చాపాడు.

నెల్లాళ్ళు! లావణ్య చేతిలో గ్లాసు అలాగే ఆగిపోయింది. ఆ నెల్లాళ్ళూ మోకాళ్ళు నొప్పెట్టవా? బాక్సు దానంతటదే సర్దుకుంటుందా? ఆచారం పంపిస్తే నెల గడిచిపోయే ఇల్లు, ఉద్యోగం పిలిస్తే వారానికే ఆగిపోతుందట. ముందు ఆమెకు నవ్వొచ్చింది. ఆ నవ్వు వెనకే ధైర్యం వచ్చింది.

“నాన్నని రావద్దని చెప్పండత్తా. రేపు ఆరింటి నర్సీపట్నం బస్సుకి నేనే వెళ్తన్నాను.”

“పుట్టింటికి ఒక్కర్తివేనా? బాగుంటాదేటి?”

“పుట్టింటికి కాదత్తా.” గ్లాసు మొగుడి చేతిలో పెట్టింది. “ఏవండీ, రేపు మీ బాక్సు మీరే కట్టుకోండి. నాకు డ్యూటీ ఉంది.”