సాంచాల నడుమ లినక్స్

ముందే ఒకటి ఒప్పేసుకుంటాను. ఈ కథ చెప్పడంలో నేను నిష్పక్షపాతంగా ఉండలేను. లినక్స్ మీద గేములు బ్రహ్మాండంగా నడుస్తాయని పెళ్లి బంతిలో పక్కన కూర్చున్నవాళ్లకి, వాళ్లు అడక్కపోయినా, చెప్పే రకం నేను. కాబట్టి శ్రీజ మీద ఈగ వాలినా నాకు కోపమొస్తుంది. అది గుర్తుపెట్టుకుని చదవండి.

శ్రీజది కోరుట్ల. జగిత్యాల వైపు బీటెక్ చదివింది. కాలేజీలో చేరినప్పుడు కొన్న లాప్‌టాపే ఇప్పటికీ వాడుతోంది. కొత్త విండోస్ దాన్ని గుమ్మం ఎక్కనివ్వదు. పారేయడానికి మనసొప్పక విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించుకుంది. విండోస్ కోసం చేసిన గేముల మాటల్ని లినక్స్‌కి అర్థమయ్యేలా చెప్పే ప్రోటాన్ అనే దుబాసీ ఒకటుంది. దాని పుణ్యాన చాలా గేములు నడుస్తాయి. కొన్నిటికి మాత్రం వాకిట్లో యాంటీచీట్ అనే కాపలావాడుంటాడు. మోసగాళ్లని పట్టుకోవడం వాడి పని. లినక్స్ మొహం కనబడగానే తలుపు మూసే కాపలావాళ్లు ఉన్నారు. శ్రీజ ఆడే షూటింగ్ గేమ్‌లో వాడు రానిస్తాడు. అందుకే ఆ ఒక్క గేమ్‌నే పట్టుకుని అరగదీసింది.

మనుషులు రానివ్వడానికి మాత్రం చాలాకాలం పట్టింది. కోరుట్ల, జగిత్యాల, సిరిసిల్ల కుర్రాళ్లకి ఒక వాట్సాప్ గ్రూప్ ఉంది. పోటీలన్నీ అందులోనే తేలతాయి. ఆడపిల్లని చేర్చుకోవాలా వద్దా అని వాళ్లు రెండేళ్లు నీళ్లు నమిలారు. చేర్చుకున్నాక వచ్చిన మొదటి ఫైనల్ ఇది. మోసం చేశారని తేలినవాళ్లని ఆ గ్రూప్ మళ్లీ ఏ పోటీకీ పిలవదు.

ఫైనల్ సిరిసిల్లలో, గ్రూప్ నడిపే జనార్దన్ వాళ్ల కార్ఖానాలో. ఆదివారం పగలంతా సాంచాలు బంద్. ఆ మరమగ్గాల మధ్య ఖాళీలో బల్లలు వేసి, సాంచాల బోర్డు నుంచే వైరు లాగి, కంప్యూటర్లకి కరెంటిచ్చాడు జనార్దన్. ఒక బల్ల దగ్గర శ్రీజ, ఎదుటి బల్ల దగ్గర చందు. చందుది సిరిసిల్లే. అతని డెస్క్‌టాప్‌లో ఫ్యాన్లు కూడా రంగురంగులుగా తిరుగుతాయి. ఇద్దరూ చెరి రెండు మ్యాచ్‌లు గెలిచారు. మిగిలింది ఒక్కటే.

మధ్యలో విరామం ఇచ్చారు. గేమ్ ఒకసారి తడబడినట్టనిపించి, ప్రోటాన్ రాసుకునే చిట్టాలో ఏముందో చూద్దామని శ్రీజ టెర్మినల్ తెరిచింది. నల్ల తెర మీద తెల్ల అక్షరాలు జలజలా దిగుతున్నాయి. సరిగ్గా అప్పుడే నీళ్ల బాటిల్ కోసం చందు ఆమె వెనకనుంచి వెళ్లాడు.

"జనార్దనన్నా, గిటు రా! జల్ది రా! నల్ల తెర తెరిచి కోడ్ కొడ్తాంది. హ్యాకింగ్!"

కుర్రాళ్లంతా మూగారు. శ్రీజ తెరని వాళ్లవైపు తిప్పింది.

"హ్యాకింగ్ కాదు. ప్రోటాన్ లాగ్ చూస్తున్న."

"ఏం టాన్?" అన్నాడు చందు.

కోరుట్ల నుంచి తోడొచ్చిన ప్రీతి లేచింది. "ఓడిపోతవని భయమైతే గట్ల చెప్పు చందూ. మా శ్రీజ మీద వడుడెందుకు?"

"ఆగుండ్రి," అన్నాడు జనార్దన్. "చెల్లే, గిది విండోస్ కాదా?"

"కాదన్నా. లినక్స్."

"మరి గేమ్ ఎట్ల నడుస్తుంది?"

"నడుస్తదన్నా."

అనేశాక ఆమెకే అనిపించింది, దొంగ చెప్పే జవాబు ఇలాగే ఉంటుందని. జనార్దన్ గడ్డం గోక్కున్నాడు.

"ఆఖరి మ్యాచ్ ఆడుండ్రి. అయినంక నీ లాప్‌టాప్ అందరి ముందట తెరిచి చూస్తం. ఏమన్న దొరికితే గ్రూపుల ఉండవు."

ఏమన్నా దొరకడమంటే? అందులో వీళ్లు ఎన్నడూ చూడని పేర్లే అన్నీ. గెలిస్తే హ్యాకర్ గెలిచిందంటారు. ఓడితే హ్యాక్ చేసినా ఓడిందంటారు. శ్రీజ మౌస్ మీద చేయి పెట్టింది.

మ్యాచ్ మొదలుకాకముందే సాంచాలు నడిపే లక్ష్మీరాజం వచ్చాడు. ఆదివారం సాయంత్రం షిఫ్టు అతనిది. లోపలికి రాగానే ముందు సాంచాల మెయిన్ స్విచ్ వేసి తన సాంచాలు నడపడం, ఆ తర్వాతే అంగీ విప్పి మేకుకి తగిలించడం అతని అలవాటు. ఇవాళ ఆగమని అతనికి చెప్పాలని ఎవరికీ తట్టలేదు. అతని చేయి దానంతటదే వెళ్లి మెయిన్ వేసింది.

సాంచాలన్నీ ఒక్కసారిగా టకటకమన్నాయి. బోర్డు దగ్గర ఢబ్బున పేలింది. లైట్లు పోయాయి, చందు ఫ్యాన్ల రంగులు పోయాయి. బ్యాటరీ ఉన్న శ్రీజ లాప్‌టాప్ ఒక్కటే వెలుగుతోంది.

చీకట్లోంచి ఎవరో అరిచారు. "చూసిండ్రా! కరెంట్‌ను గూడ హ్యాక్ చేసింది!"

"ఓ జనార్దన్ సేటూ!" లక్ష్మీరాజం అంతకంటే గట్టిగా అరిచాడు. "సాంచాల నడుమ గీ టీవీలేంది? నాకు జెర చెప్పద్దా?"

"తప్పయింది కాకా. ఫ్యూజ్ సంగతి చూడు."

లక్ష్మీరాజం సాంచాలు ఆపి ఫ్యూజ్ వేశాక కరెంటొచ్చింది. చందు డెస్క్‌టాప్ లేచింది. విండోస్ పడిపోయినప్పుడు వచ్చే నీలితెర వేసింది, ఆగింది, మళ్లీ మొదటికొచ్చింది, మళ్లీ నీలితెర. ఆ దెబ్బకి డిస్కు పాడయినట్టుంది.

"పది నిమిషాలల్ల సీట్ల లేకుంటే ఓడినట్టే," అన్నాడు జనార్దన్, ఫోన్లో టైం పెడుతూ. "రూలు రూలే చందూ."

ప్రీతి చెవిలో గొణిగింది. "గెలిచినవే. నోరు మూసుకొని కూసో."

శ్రీజ కూర్చోలేకపోయింది. ఇలా గెలిస్తే ఆ చీకట్లో అరిచిన మాటే నిలిచిపోతుంది. బ్యాగులోంచి పెన్‌డ్రైవ్ లాంటి, వేలెడు పొడవున్న డిస్కు తీసింది. అందులో లినక్స్ ఉంది, గేమూ ఉంది.

"చందూ, దీంతోని నీ మిషన్ లేపుదామా?"

"నీ వైరస్ నా దాంట్ల ఎక్కిద్దామని చూస్తున్నవా?"

"నీ డిస్క్ వైరు పీకెయ్యి. ఇంక ఏడికెక్కుతది?"

చందు ఆమెని చూశాడు, ఫోన్లో తరుగుతున్న టైం చూశాడు. డబ్బా తెరిచి వైరు పీకాడు.

శ్రీజ తన డిస్కు గుచ్చింది. అక్షరాలు దిగాయి. ఆ తర్వాత ఏమీ లేదు. ఉత్త నలుపు. అతని గ్రాఫిక్స్ కార్డు వేరే రకం, డ్రైవర్ మార్చాలి. మళ్లీ అదే నల్ల తెర, ఈసారి కార్ఖానా అంతా దాన్నే చూస్తోంది. టైప్ చేసింది. తప్పు. చెరిపి మళ్లీ కొట్టింది.

"మూడు నిమిషాలు," అన్నాడు జనార్దన్.

తెర మినుకుమంది. నిలబడింది. చందు తన అకౌంట్‌తో లోపలికి వెళ్లాడు. యాంటీచీట్ కాపలావాడి గుండ్రం తిరుగుతోంది, తిరుగుతోంది. తలుపు తెరుచుకుంది.

ఆడారు. చెరి సగం పంచుకున్నట్టు పాయింట్లు సాగాయి. చివరి పాయింటుకి శ్రీజ గోడ చాటునుంచి ఒక్క అడుగు ముందే బయటికొచ్చింది. చందు ఒకే ఒక్క గుండు పేల్చాడు.

సిరిసిల్ల కుర్రాళ్లు బల్లలు బాదారు. ఆ గోలలోనే వాళ్లలో ఒకడు, "అరే చందూ, గదే లినక్స్ మీద గెలిచినవ్. నువ్వు గూడ హ్యాకరేనార బై?" అన్నాడు. నవ్వులే నవ్వులు.

జనార్దన్ శ్రీజ లాప్‌టాప్ వైపు నడిచాడు. "మరి గిది తెరిచి చూద్దామా చందూ?"

చందు హెడ్‌ఫోన్ తీసి బల్ల మీద పెట్టాడు. "ఏం చూస్తవన్నా? దీన్ని చూస్తే నాది గూడ చూడాలె. ఏం లేదు, వదిలెయ్." శ్రీజ వైపు తిరిగి గొంతు తగ్గించాడు. "అక్కా, గా డిస్క్ నాకు కాపీ చేసిస్తవా?"

"ముందుగాల నీ వైరు వెట్టుకో," అంది శ్రీజ.

వేములవాడ మీదుగా కోరుట్ల వెళ్లే బస్సులో ప్రీతి ఆమెతో మాట్లాడలేదు. గెలిచే ఆటని చేతులారా వదిలేసిందని కోపం. శ్రీజ కిటికీకి తల ఆనించి ఫోన్ తీసింది. గ్రూప్‌లో వచ్చేనెల పోటీకి పేర్లు రాస్తున్నారు. ఆమె పేరు ఎవరో అప్పటికే రాసేశారు. పక్కన లినక్స్ గుర్తయిన పెంగ్విన్ బొమ్మ కూడా పెట్టారు.

మీ సంగతేంటి? మీ నల్ల తెర చూసి మిమ్మల్ని దొంగ అన్నవాళ్లున్నారా? ఏ ఊళ్లో, ఏ ఆట మధ్యలో? ఏ కాపలావాడు మీ మొహాన తలుపేశాడు? రాయండి. ఎర్రర్ లాగ్ మొత్తం అంటించి పంపినా సరే, నేను చదువుతాను.