పెంకుల మీద పాలపన్ను

నా మనవరాలు శ్రీనిధికి ఏడో ఏడు నడుస్తుండగా కింది వరుసలో ఒక పాలపన్ను కదలడం మొదలుపెట్టింది. అదే వానాకాలంలో నాకూ కింది వరుసలో ఒక పన్ను కదులుతూ ఉంది. దానిది ఎదిగే వయసు, నాది ఒదిగే వయసు. దాని పన్ను వెనక మరొకటి వరుసలో నిలబడి ఎదురుచూస్తోంది. నా పన్ను వెనక ఎవరూ లేరు.

బిలాస్‌పూర్ దయాల్‌బంద్‌లోని దంతవైద్యురాలు ముందు దాని నోట్లోకి, అడగకపోయినా తర్వాత నా నోట్లోకి దీపం వేసి చూసింది. రిటైరైనా క్వార్టర్ ఖాళీ చేయని ఉద్యోగిలా పాలపన్ను కూర్చుని ఉందనీ, దాని వెనక కొత్తది అప్పుడే తలెత్తిందనీ నాకు అర్థమయ్యేలా చెప్పింది. "శనివారం దాకా చూద్దాం. తనంతట తను ఊడితే సరే. లేదంటే చిన్న ఇంజెక్షన్ ఇచ్చి తీసేస్తాను," అని, "అంకుల్, మీది కూడా అప్పుడే తీసేద్దామా?" అంది. ముందు పాప సంగతి చూడమన్నాను. హోళీ నుంచి నా పన్నును ఇలాగే రకరకాలుగా వాయిదా వేస్తూ వస్తున్నాను.



ఆ రోజు నుంచి శ్రీనిధి నోరు మూసుకుంది. చారన్నం తప్ప తినదు. నవ్వు వస్తే అరచేయి అడ్డం పెట్టుకుంటుంది. పన్ను పేరెత్తితే గదిలోకి పోయి తలుపు వేసుకుంటుంది. మా కోడలు రాజశ్రీ వకీలు. రోజూ పొద్దున్నే జిల్లా కోర్టుకు వెళ్తుంది. మొండి సాక్షుల చేత మాట్లాడించడం వృత్తిగా ఉన్న మనిషి సొంత కూతురి నోరు తెరిపించలేకపోయింది. "మామయ్యా, మీరే ఏదో ఒకటి చెప్పండి. శనివారం ఆ సూది చూసిందంటే ఇది కుర్చీలోంచి లేచి తోర్వాలో మన ఇంటి దాకా పరుగెత్తుకొచ్చేస్తుంది," అని కేసు నాకు అప్పగించింది.

భయం అజ్ఞానం వల్ల పుడుతుందని నా అభిప్రాయం. ఎలక్ట్రిక్ లోకో షెడ్‌లో ఉద్యోగం చేస్తూనే, ఆదివారాలు హేతువాద మిత్రులతో కలిసి బస్తీల్లో తిరిగి, నిమ్మకాయలోంచి నెత్తురు ఎలా కారుతుందో, కొబ్బరికాయ దానంతట అది ఎలా మండుతుందో చేసి చూపినవాణ్ణి. కనుక ఒక కాగితం మీద దవడ బొమ్మ గీసి, పాలపన్ను వేరు ఎలా కరుగుతుందో, నరం ఎక్కడ ఉంటుందో శ్రీనిధికి వివరించాను. అది శ్రద్ధగా విన్నది.

"పన్ను ఎముకలో ఉంటుందా తాతా?"

"దవడ ఎముకలో. అక్కడ చిన్న గుంట ఉంటుంది."

"ఊడాక ఆ గుంట ఖాళీగా ఉంటుందా?"

"కొన్నాళ్ళు."

"అందులో రక్తం వస్తుందా?"

"కొద్దిగా. రావాలి కూడా. గడ్డకట్టాలంటే రావాలి కదా."

అది బొమ్మను నాలుగు మడతలు పెట్టి నాకే తిరిగి ఇచ్చేసింది. ఆ రాత్రి చారన్నం కూడా మానేసింది.

శుక్రవారం మధ్యాహ్నం మా అక్క చిన్నమ్మి వచ్చింది. నాకంటే నాలుగేళ్ళు పెద్దది. పక్క వీధిలోనే ఉంటుంది. బిలాస్‌పూర్‌లోనే పుట్టి పెరిగినా, దాని మాట మాత్రం మా నాన్న పలాస వైపు నుంచి రైలింజను ఫైర్‌మన్‌గా వచ్చినప్పుడు పెట్టెతోపాటు తెచ్చుకున్న మాటే.

"ఏట్రా మూర్తీ, పిల్లకి ఏటి సెప్పీసేవు?"

"ఉన్నదే చెప్పానక్కా."

"ఉన్నదంతానా?"

"దాచడం ఎందుకు?"

"నెత్తురూ, నరాలూ, గోతులూ అన్నీ సెప్పీసి, ఇప్పుడు నోరు తెరమంటే ఎలా తెరుస్తాది? మనకి ఎప్పుడైనా భయమేసిందేటి? పన్ను ఊడ్లేదనే కదా బెంగెట్టుకునీవోళ్ళం. ఈలోగా బండి ఎల్లిపోద్దేమోనని."

బండి సంగతి చెప్పాలి. మా చిన్నతనంలో రైల్వే కాలనీలో మేమున్న వరుస అంతా పెంకుల క్వార్టర్లు. పెరటి గోడ అవతల పట్టాలు. ఊడిన పాలపన్నును పెంకుల మీదికి విసిరితే ఉడత దాన్ని తీసుకుని కొత్త పన్ను ఇస్తుందన్న మాట మావాళ్ళు ఊరి నుంచే తెచ్చుకున్నారు. కాలనీ పిల్లలు దానికి ఒక నిబంధన చేర్చారు. పన్ను పెంకు మీద పడిన చప్పుడు విసిరినవాడి చెవిన పడకూడదు. పడితే కొత్త పన్ను వంకరగా వస్తుంది. అందుకని బండి వెళ్తుండగానే, ఇంటికి వీపు పెట్టి, తల మీదుగా విసిరి, వెనక్కి చూడకుండా పరుగెత్తాలి. ఈ నిబంధనను ఎవరు రాశారో తెలియదు గానీ, దాని వల్ల భయపడేందుకు మాకు తీరిక ఉండేది కాదు. దూరాన ఇంజను కూత వినపడగానే, కదిలే పన్నున్న ప్రతివాడూ దాన్ని పట్టుకుని గుంజుతూ పెరట్లో నిలబడేవాడు.

నాకు ఆ నమ్మకం పదకొండో ఏట పోయింది. తెగిన గాలిపటం కోసం పైకప్పు ఎక్కాను. పెంకుల గాడిలో, ఎండుటాకుల కింద, మా ఇంటి పిల్లల పళ్ళు పడి ఉన్నాయి. ఉడత తీసుకుపోలేదు. ఆ మధ్యాహ్నం అక్కడ కూర్చుని నేను పొందిన జ్ఞానాన్ని తర్వాత ఎన్నో సభల్లో చెప్పాను. ప్రతిసారీ చప్పట్లు పడ్డాయి. కిందికి దిగి అక్కకు చెప్పినప్పుడు మాత్రం పడలేదు. "అయితే ఏటి? మనకి కొత్తవి వచ్చీసేయి కదా," అని అది మళ్ళీ గచ్చకాయల ఆటలో పడింది.

ఇప్పుడు కూడా అదే ధోరణి. "ఈ బాబు పైకెక్కి పళ్ళు సూసొచ్చిన కాడ్నుంచి, ఈ ఇంట్లో పిల్లలకి ఉడత లేకుండా పోనాది," అంది.

"ఉడత ఏమిటి?" అంటూ తలుపు చాటు నుంచి శ్రీనిధి బయటికి వచ్చింది. అరచేయి నోటికి అడ్డంగానే ఉంది.

అక్క మొదటి నుంచీ చెప్పింది. చివరి భాగం, అంటే నేను పైకప్పు మీద కనుక్కున్న సత్యం, నేను చెప్పాను. శ్రీనిధి తల్లిలాగే తల ఒక పక్కకు వంచి విని, నా వైపు తిరిగింది.

"తాతా, పైన అందరి పళ్ళూ ఉన్నాయా?"

"ఉన్నాయి."

"అన్నీ?"

ఆలోచించాను. "అన్నీ కాదు. కొన్ని."

"మిగతావి?"

"వానకు కొట్టుకుపోయి ఉంటాయి."

"నువ్వు చూశావా?"

"చూడలేదు."

"మత్లబ్, ఆధారం లేదు," అంది శ్రీనిధి.

ఆధారం అన్న మాట దానికి నేర్పినవాణ్ణి నేనే. ఇన్నేళ్ళుగా ఏ సభలోనూ ఎవరూ లేచి ఆ ప్రశ్న అడగలేదు. అక్క కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"ఉడత మంచివి తీసుకుని, పుచ్చిపోయినవి వదిలేసిందేమో."

"అలా అనుకోవడానికి ఆధారం లేదమ్మా."

"వానకీ లేదు కదా. అయితే టెస్ట్ చేద్దాం." అరచేయి ఇంకాస్త గట్టిగా నొక్కుకుని, "ముందు నీ పన్నుతో," అంది.

"నాది డాక్టరు తీయాలి. దానికో పద్ధతి ఉంది."

"తాతకి డర్ లగ్ రహా హై," అని అక్కతో చెప్పింది, నేను అక్కడ లేనట్టు.

"భయం కాదు..."

"ఏదీ, సూడనీ. ముట్టుకోన్లే," అంటూ అక్క నా దగ్గరికి జరిగింది.

ఆ వాక్యం నాకు కొత్త కాదు. పాలపళ్ళ రోజుల్లో మా అమ్మ అనేది, అమ్మ వంటింట్లో ఉంటే అక్క అనేది. నేను ఎరిగినంతలో ఒక్కసారి కూడా అది నిజం కాలేదు. గతానుభవాలను బట్టి ఒక నిర్ణయానికి రావాలని ఎందరికో బోధించినవాణ్ణి. అయినా నోరు తెరిచాను.

పన్ను అక్క చేతిలో ఉంది.

"ముట్టుకోనన్నావు."

"సూసేనంతే. సూస్తే ఒచ్చీసింది."

శ్రీనిధి కుర్చీ ఎక్కి నా నోట్లోకి తొంగిచూసింది. "సచ్ బోలో తాతా. నొప్పి వేసిందా?"

"చీమ కుట్టినంత."

"పక్కా?"

"పక్కా. నాకే ఆశ్చర్యంగా ఉంది," అన్నాను రుమాలు అదుముకుంటూ. ఆ నిజానికి బొమ్మ గీయాల్సిన పని రాలేదు. శ్రీనిధి మొదటిసారిగా నాలుకతో తన పన్నును తాకి చూసుకుంది. అంతకుమించి ముందుకు పోలేదు. తెల్లవారితే శనివారం.

తోర్వాలో మా ఇల్లు శ్లాబుది. ఉడతకు శ్లాబు పనికిరాదని అక్క తేల్చడంతో, సాయంత్రం ముగ్గురం ఆటో ఎక్కి పాత క్వార్టర్‌కు వెళ్ళాం. పెరటి జామచెట్టు కొమ్మలు ఇంటిని కమ్మేసి ఉన్నాయి. ఇంటి పక్క సందులో గోడ దగ్గర నిలబడ్డాం. బండి రాలేదు. చెయ్యి చాపితే బొగ్గు బండి తగిలే ఈ ఊళ్ళో, మనకు అవసరమైనప్పుడు ఒక్కటీ రాదు.

"నీకు బండెందుకురా? నువ్వు నమ్మవు కదా. విసిరీ," అంది అక్క.

అందులో తర్కం ఉంది. చప్పుడు వినపడితే నాకు పోయేదేమీ లేదు. ఇంటికి వీపు పెట్టి, తల మీదుగా విసిరాను.

క్వార్టర్ ముందు భాగానికి పెంకులు తీసేసి రేకులు వేశారన్న సంగతి కొమ్మల వల్ల మాకు కనపడలేదు. వినపడింది. పన్ను ఠంగుమని తగిలి, వాలు వెంట గలగలమంటూ జారి, అంచు దగ్గర మరొకసారి మోగి ఆగింది. చిన్న వస్తువే గానీ, అనుభవం ఉన్నది.

లోపల గొళ్ళెం తీసిన చప్పుడు. నైట్ డ్యూటీ దిగి పడుకున్న కుర్రవాడు భుజాన గమ్చా తువ్వాలుతో, చేతిలో కర్రతో బయటికి వచ్చాడు. "ఫిర్ బందర్," అంటూ పైకి చూసి, ఆ తర్వాత మమ్మల్ని చూశాడు. పేరు రాజేంద్ర అనీ, అసిస్టెంట్ లోకో పైలట్ అనీ తర్వాత తెలిసింది.

"కోతి కాదు బాబూ, నేనే," అన్నాను హిందీలో.

"రాయి వేశారా అంకుల్?"

"రాయి కాదు. పన్ను."

"ఎవరి పన్ను?"

"నాదే."

అతడు కర్ర దించాడు. నా తెల్లజుట్టునూ, నోటికి అడ్డం పెట్టుకున్న రుమాలునూ పరీక్షగా చూసి, "ఇంట్లో అందరూ బాగానే ఉన్నారు కదా?" అని మెత్తగా అడిగాడు.

అప్పుడు శ్రీనిధి నవ్వింది. గోడకు చేరబడి, కడుపు పట్టుకుని, "తాతకి వంకర పన్ను వస్తుంది. పూరా టేఢా," అంటూ పగలబడి నవ్వింది. అరచేయి అడ్డం లేదు. ఒరిగిపోయి, ఒక్క కొసతో వేలాడుతున్న పాలపన్ను పళ్ళెంలో పెట్టినట్టు కనిపిస్తోంది. అక్క చెయ్యి అటు లేవబోయింది. నేను పట్టుకుని ఆపాను.

రాజేంద్రకు అక్క తన హిందీలో విషయమంతా చెప్పింది. అతడికి వింతగా తోచలేదు. "మా ఊళ్ళో ఎలుక కన్నంలో వేసేవాళ్ళం," అని, "వెనక వంటింటి మీద ఇంకా పెంకులే ఉన్నాయి అమ్మా, అక్కడ వేయండి," అన్నాడు.

అంతలో హారన్ వినపడింది. మలుపు తిరిగి జంట ఇంజన్ల బొగ్గు బండి వస్తోంది. నేల కింద సన్నని వణుకు మొదలైంది.

శ్రీనిధి నవ్వు ఆపి బండి వైపు చూసింది, వంటింటి పెంకుల వైపు చూసింది.

"తాతా, ఇంకో బండి ఎప్పుడు?"

"తెలియదమ్మా."

"మామ్మా, ఇది ఆగుతుందా?"

"మన పళ్ళ కోసం ఆగుతాదేటే?"

ఇంజన్లు మమ్మల్ని దాటాయి. వ్యాగన్లు మొదలయ్యాయి. శ్రీనిధి మాకు వీపు పెట్టి నిలబడింది. మోచేయి ఒకటి పైకి లేచింది. పక్కకు కాస్త తిప్పి లాగాలని చెప్పబోయాను. అక్క నా వైపు చూసిన చూపుకు మానుకున్నాను. వ్యాగన్లు పోతూనే ఉన్నాయి. బొగ్గు బండి పొడవును కాలనీ జనం లెవెల్ క్రాసింగుల దగ్గర నిలబడి తిట్టుకుంటూ ఉంటారు. ఆ సాయంత్రం నేను, అది ఇంకాస్త పొడుగ్గా ఉంటే బాగుండునని కోరుకున్నాను.

శ్రీనిధి తిరిగేసరికి పిడికిలి బిగించి ఉంది. పెదవి మీద సన్నని ఎర్ర గీత. దాన్ని తుడుచుకునే తీరిక దానికి లేదు. వంటింటి వెనక్కి పరుగెత్తి, వీపు పెట్టి, తల మీదుగా విసిరి, అదే ఊపున మమ్మల్ని దాటుకుని ఆటో దాకా పోయింది. దాని వెనక చివరి వ్యాగన్ కూడా వెళ్ళిపోయింది. 

"చప్పుడు వినపడిందా?" అని దూరం నుంచి అరిచింది.

"నాకు వినపళ్ళేదు," అంది అక్క. "నాకూ లేదు," అన్నాడు రాజేంద్ర. ముగ్గురూ నా వైపు చూశారు.

"బండి చప్పుడు అంత తీవ్రంగా ఉన్నప్పుడు సహజంగానే..."

"తాతా, వినపడిందా, లేదా?"

"లేదు," అన్నాను.

తిరుగుదారిలో ఒకసారి వెనక్కి చూడబోయాను. శ్రీనిధి రెండు చేతులతో నా తల పట్టుకుని ముందుకు తిప్పింది. ఆ రాత్రి అది గారెలు అడిగి చేయించుకుని తిన్నది. రాజశ్రీ ఫోన్ చేసి శనివారం అపాయింట్‌మెంట్ రద్దు చేసింది.

దాని కొత్త పన్ను మెల్లగా ముందుకు జరిగి, వరుసలో తిన్నగా నిలబడింది. అలా జరగడానికి నాలుక ఒత్తిడి కారణం. ఎవరూ అడగలేదు కనుక చెప్పలేదు. రోజూ పొద్దున్నే స్కూలుకు వెళ్ళే ముందు శ్రీనిధి నా చేత నోరు తెరిపించి చూస్తుంది.

"వంకరగానైనా రాలేదా తాతా?"

"ఇంకా లేదమ్మా."

"చప్పుడు అయింది కదా. లేటవుతుంది."

మొన్న దయాల్‌బంద్‌లో దంతవైద్యురాలు ఆ ఖాళీలో కట్టుడు పన్ను ఎప్పుడు పెట్టించుకుంటారని అడిగింది. కొన్నాళ్ళు ఆగుదామన్నాను. కారణం అడిగితే, పరిశీలన ఇంకా పూర్తి కాలేదని చెప్పాను. చెబుతూనే, ఆమె అటు తిరిగినప్పుడు, నాలుకతో ఆ చోటును ఒకసారి తాకి చూసుకున్నాను.