గురవమ్మ ఇంటి రేకు పెట్టె

నేను ఒక రేకు పెట్టెను. నరసరావుపేటలో మస్తాన్ అనే పనివాడు నన్ను సుత్తితో కొట్టి కొట్టి ఈ రూపానికి తెచ్చాడు. ఒళ్ళంతా ఆకుపచ్చ రంగు పూసి, మూత మీద రెండు గులాబీలు వేశాడు. వాటిలో ఒకటి క్యాబేజీలా వచ్చింది. "ఎలాగూ పైన దుప్పట్లు పేరుస్తారులే" అనుకుని నన్ను ఎండలో ఆరబెట్టాడు.

నన్ను మొదట కొన్నది ప్రకాశరావు అనే హాస్టలు విద్యార్థి. నాకు తాళం వేసి, తాళంచెవి నా మీదే పెట్టి నిద్రపోయేవాడు. మనుషుల జాగ్రత్త ఎలాంటిదో నాకు అప్పుడే తెలిసింది. చదువయ్యాక ఆయన అడవి శాఖలో గార్డు అయ్యాడు. బదిలీ అయిన ప్రతిసారీ నేను బస్సు టాపు ఎక్కాను. ఉద్యోగం నుంచి దిగిపోయే ఏడు ఇంట్లోకి బీరువా వచ్చింది. నన్ను తన కింద పనిచేసిన లింగయ్యకు ఇచ్చేశాడు.

లింగయ్యది నల్లమలలో చిలకలబోడు గూడెం. వేసవి నాలుగు నెలలూ అడవిలో నిప్పు పడకుండా కాపలా కాయడం, పడితే పచ్చికొమ్మలతో కొట్టి ఆర్పడం అతని పని. వెదురు తడికల గోడలు, బోదగడ్డి కప్పు ఉన్న ఆ ఇంట్లో అతని భార్య గురవమ్మ, తల్లి బయ్యమ్మ ఉండేవారు. బయ్యమ్మకు కాళ్ళు పడిపోయి మూడేళ్ళయింది.

గురవమ్మ నన్ను బూడిదతో తోమి, భూమి పట్టా, రేషన్ కార్డు, పెళ్ళిచీర, జొన్న విత్తనాల మూట నాలో పెట్టింది. చీర మడతలో ఒక ఫొటో దాచింది. అది ఆమె కూతురు పోలమ్మది. పదకొండేళ్ళకే జ్వరంతో పోయిన పిల్ల. తిరునాళ్ళలో తీయించిన ఆ ఒక్క బొమ్మే మిగిలింది. గురవమ్మ దాన్ని బయటికి తీసి చూసేది కాదు. చేత్తో తడిమి, ఉన్నదని తెలుసుకుని మూత వేసేది.

ఆ ఏడు చైత్రంలో ఒక మధ్యాహ్నం గురవమ్మ వాకిట్లో ఇప్పపువ్వు ఆరబోస్తోంది. పొద్దుటి నుంచీ కొండ మీద పొగ ఉంది. లింగయ్య మూడు మైళ్ళ అవతల టేకు తోటలో మంటలార్పుతున్నాడు. ఉన్నట్టుండి గాలి తిరిగింది. మంట నేల మీద పాకుతూ రాలేదు, ఎండుటాకులతో పాటు ఎగిరి వచ్చి కప్పు మీద వాలింది.

గురవమ్మ లోపలికి ఉరికి అత్తను వీపున వేసుకుని ఒక చేత్తో పట్టుకుంది. మరో చేత్తో నా పిడి పట్టుకుని ఈడ్చింది. గడప దగ్గరికి వచ్చేసరికి పిడి ఊడిపోయింది. చేతిలోని పిడి వైపు ఒకసారి, నా వైపు ఒకసారి చూసింది. వీపు మీద ముసలామె దగ్గుతోంది. పిడి పారేసి పరుగెత్తింది.

మంట నా లోపలికి రాలేదు. వచ్చినా ఇంతకన్నా జరిగేదేమీ లేదు. నేను ఇనుమును, కాగిపోయాను. నాలో ఉన్నవన్నీ మూత పెట్టిన కుండలో మాడినట్టు మాడిపోయాయి. దాచమని ఇచ్చినవాటికి నేనే పొయ్యినయ్యాను.

సాయంత్రానికి లింగయ్య ఒళ్ళంతా మసితో వచ్చాడు. గూడెంలో కాలిపోయింది అతని ఇల్లొక్కటే. బూడిదలో నుంచి నన్ను బయటికి లాగి మూత పెకలించాడు. గురవమ్మ లోపలికి చెయ్యి పెట్టింది. పట్టుకున్నదల్లా పొడి అయింది. లింగయ్యను అడిగింది.

"ఈ పక్క పొగ కనపడలేదా నీకు?"

"కనపడింది."

ఆమె చేతికంటిన మసిని కొంగుకు తుడుచుకుంది.

"ఈ దిక్కు వేరేవోళ్ళు చూసుకుంటారన్నారు. చేతిలో మంట వదిలి రాలేకపోయినా" అన్నాడు.

ఆ తర్వాత ఆ సంగతి ఇద్దరూ ఎత్తలేదు.

పక్కింటి నాగులమ్మకూ గురవమ్మకూ రెండేళ్ళుగా మాటల్లేవు. ఒకరి మేక ఇంకొకరి మిరపచేలో పడిందని గొడవ. ఆ సాయంత్రం నాగులమ్మే వచ్చి బయ్యమ్మను ఒక పక్క ఎత్తింది. "ఆ పక్క పట్టు. మా ఇంట్లో పండబెడదాం" అంది. మర్నాడు కింది ఊళ్ళ నుంచి కూడా జనం వచ్చారు. వెదుళ్ళు, గడ్డి, బియ్యం, పాత చీరలు తెచ్చారు. చెంబులు ఏడు వచ్చాయి, చాప ఒక్కటీ రాలేదు. అది గమనించిన ఒక ముసలాయన తాను పడుకునే నులకమంచమే భుజాన వేసుకొచ్చి ఇచ్చాడు.

నష్టం రాసుకోవడానికి వచ్చిన అధికారి ఇల్లు మీదేనన్న కాగితం చూపించమన్నాడు. కాగితం నాలో మసిగా ఉంది. ఇల్లు వాళ్ళదేనని గూడెం వాళ్ళంతా వరసగా వేలిముద్రలు వేశారు. నాగులమ్మ ఎంత గట్టిగా నొక్కిందంటే కాగితం చిరిగింది. "ఇల్లు లేకుంటే ఇంత బూడిద యాడిది సారూ?" అంది.

బయ్యమ్మ ఊపిరితిత్తుల్లో పొగ నిండిపోయింది. ఆరో రోజున కోడలి చెయ్యి పట్టుకుంది.

"నన్నొదిలి ఆ పెట్టె తెచ్చుకోవాల్సింది గదే. పిల్ల బొమ్మ దాంట్లోనే ఉండె."

"ఊరుకో అత్తా. నీళ్ళు తాగు."

ఆ నీళ్ళు గొంతు దిగలేదు. ఇల్లు లేచేలోపే ఆమె పోయింది. కప్పుకు తెచ్చిన వెదుళ్ళలో రెండు పాడెకు వాడారు. కర్మకాండ అయ్యాక మళ్ళీ అందరూ కలిసి తొమ్మిది రోజుల్లో ఇల్లు నిలబెట్టారు.

పోలమ్మ చదివిన బడి పంతులమ్మ ఒక ఫొటో వెతికి తెచ్చింది. తరగతి పిల్లలందరూ నిలబడ్డ ఫొటో. పోలమ్మ వెనక వరసలో ఉంది. ముందున్న పిల్ల భుజం అడ్డమొచ్చి ఒక కన్ను, సగం నోరు మాత్రమే కనిపిస్తున్నాయి. గురవమ్మ ఆ సగం మొహం మీద వేలు పెట్టి చాలాసేపు చూసింది.

"ముందరున్న పిల్ల ఎవరమ్మా?"

పంతులమ్మ పేరు చెప్పింది.

"ఎంత పొడుగు పిల్లో" అంది గురవమ్మ.

నన్ను కొత్త ఇంట్లోకి చేర్చలేదు. చూరు కింద పెట్టారు. వంగిన మూత మీద ఎప్పుడైనా ఎవరైనా కూర్చునేవారు. లింగయ్య కాపలా పని మానేశాడు. మొగుడూ పెళ్ళామూ తిండి గురించి, వాన గురించి మాట్లాడుకునేవారు. మూడో మాట ఉండేది కాదు.

మరుసటి చైత్రంలో ఒక పొద్దున దక్షిణపు కొండ మీద పొగ లేచింది. రమ్మంటూ కిందినుంచి మనుషులు కేకేశారు. లింగయ్య అరుగు మీద కదలకుండా కూర్చున్నాడు. గురవమ్మ లోపలికి వెళ్ళి అతని చెప్పులు, నీళ్ళ సీసా తెచ్చి ముందు పెట్టింది.

"పో."

"నువ్వొక్కదానివే ఉంటావు."

"నాగులమ్మ ఉంది. గూడెమంతా ఉంది. ఆ కొండ కింద ఇండ్లుండాయి. పో."

అతను చెప్పులు తొడుక్కున్నాడు. రెండడుగులు వేసి ఆగాడు.

"ఈ పక్క పొగ లేస్తే వచ్చేస్తా. ఎవరు ఆపినా ఆగను."

"సరే" అంది.

అతను బాటలో కనుమరుగయ్యాక ఆమె వచ్చి నా మీద కూర్చుంది. ఒకసారి ఆ కొండనూ ఒకసారి ఈ పక్క కొండనూ మార్చి మార్చి చూస్తూ, పొద్దు వాలేదాకా లేవలేదు.