మధ్య తీగ మీద మూడు డిగ్రీలు

ఆ రోజు ఇంట్లో నలుగురున్నారు. వంటింట్లో నానమ్మ, వసారాలో కుట్టుమిషన్ ముందు పిన్ని, కంప్యూటర్‌కు కళ్లప్పగించి బాబాయి, వెనక గది గుమ్మంలో చిన్నది. పద్నాలుగు నిండినా ఇంట్లో అందరికీ ఆమె చిన్నదే.

వెనక గది గోడ ఆ ఎండాకాలమంతా బాబాయి సొత్తు. పొట్టు కలిపిన మట్టి ఇటుకలతో దాన్ని కొత్తగా కట్టించి, లోపలివైపు వేడిని కొలిచే తీగలు మూడు అతికించాడు. బయటి ఎండ ఆ ఇటుకలోంచి ఎంతసేపటికి, ఎంత లోపలికి దిగుతుందో ముందే కంప్యూటర్‌లో లెక్క కట్టడం ఆయన పరిశోధన. ఆ లెక్క నిజమో కాదో గోడ చెప్పాలి. గంటకోసారి మీటరు చూసి అంకెలు రాసే పని చిన్నదానిది.

నలుగురిలో నోరు పెగలని పిల్లకు ఆ గది దొరకడం వరమే అయింది. ఇప్పటికీ తడిమట్టి వాసన తగిలితే చాలు, ఆమెకు ఆ మధ్యాహ్నాలు కళ్లముందు కదులుతాయి. మిషన్ టకటక, నానమ్మ కూనిరాగం, వీపుకు చల్లటి గోడ, ఒళ్లో డైరీ.

"మధ్య తీగ మళ్లీ మొండికేసింది," అన్నాడు బాబాయి. "పైదీ కిందదీ లెక్కకు సరిపోతున్నాయి. ఇదొక్కటే మూడు డిగ్రీలు ఎక్కువ."

"పెళ్లాన్నెప్పుడైనా ఇంత పరీక్షగా చూశారా?" అంది పిన్ని.

"నువ్వు లెక్కకందే మనిషివా! మొన్న ఆదివారం ఒక్కరోజే బుద్ధిగా ఉంది ఈ తీగ. రేపు వ్యాసం పంపాలి. అక్కడి ఇటుకే వేడి ఎక్కువ లాగుతోందని రాసేస్తాను."

చిన్నది రోజులు లెక్కపెట్టుకుంది. ఆదివారం తను స్నేహితురాలింట్లో ఉంది, అంకెలు బాబాయే రాసుకున్నాడు. మిగతా రోజులన్నీ కూర్చున్నది మధ్య తీగ దగ్గరే. నోరు విప్పితే గది పోతుంది. మూసుకుంటే ఏ పాపమూ ఎరగని ఇటుక మీద నింద పడుతుంది, అదీ అచ్చులో.

"బాబాయ్... నేను ఆనుకుని కూర్చుంటున్నా."

"దేన్నే?"

"మధ్య తీగని. డైరీ రాసుకుంటూ. అంకెలు చూడ్డానికే లేచేదాన్ని."

మిషన్ ఆగింది. బాబాయి నోరెళ్లబెట్టాడు.

"ఓసి పిచ్చిమొద్దూ! మూడు వారాలుగా నేను కొలుస్తున్నది నీ వీపునా?"

"పోనీలేరా," అంది నానమ్మ వంటింట్లోంచి, "పిల్లకి జ్వరం లేదని తేలిందిగా!"

బాబాయి పగలబడి నవ్వాడు. నవ్వి నవ్వి కళ్లు తుడుచుకుని, లేచి వెనక గదిలోకి వెళ్లాడు. మీటరుకు పొడుగు తీగ తగిలించి వసారాలోకి తెచ్చి పెట్టాడు. గోడవారన ఆమె పరుచుకున్న చాప చుట్టి చిన్నదాని చేతికిచ్చాడు.

"గడువు అడుగుతాను, మళ్లీ మొదటినుంచి కొలుద్దాం. ఇక లోపల ఈగ కూడా ఉండకూడదు. అంకెలు మాత్రం నువ్వే రాయాలి, వేరేవాళ్లని నమ్మను."

చిన్నది చాపను గుండెకు హత్తుకుని గుమ్మం బయట నిలబడింది. బాబాయి ఆమె నెత్తిమీద మెల్లగా ఒక మొట్టికాయ వేసి, తలుపు మూశాడు.